పొడుగాటి సైన్సు మాటను విడగొట్టి పలకడం: సమాసంలా విప్పి, పద్యంలా తూచి

డైఇథైల్‌కార్బమజీన్ అని ఒక మందు ఉంది. కార్బమజెపీన్ అని ఇంకొకటి ఉంది. మొదటిది బోదకాలుకు, రెండోది మూర్ఛకు. ఎవరైనా ఫోనులో గబగబా చదివి వినిపిస్తే, ముందున్న ‘డైఇథైల్’ చెవిన పడకపోతే ‘కార్బమ’ దాకా రెండూ ఒకటే. ఆ తర్వాత వచ్చింది ‘జీన్’ అయితే ఒక రోగం, ‘జెపీన్’ అయితే ఇంకో రోగం. నోట్లో నమిలేసిన ఒక్క ముక్కకి ఇంత తేడా. మందుల షాపులో ఎప్పుడూ చీటీ చూపించే కొనండి, నోటితో చెప్పి కొనకండి. అయితే చీటీ మీదున్నది చదవడం వస్తే, చేతికి వచ్చింది అదేనో కాదో మనమూ సరిచూసుకోవచ్చు.

బోదకాలు మాత్రల ఊసు ఊరికే ఎత్తలేదు. డైఇథైల్‌కార్బమజీన్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన ఆ మాత్ర పేరు మనవాళ్ళలో ఎంతమందికి నోరు తిరుగుతుంది? ‘డీఈసీ’ అనేసి ఊరుకుంటాం.

నా సంగతి చెబుతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. రెండో ఏడాది క్లాసు సెమినార్‌లో డీఎన్‌ఏ నా వంతు వచ్చింది. పూర్తి పేరు చెప్పాల్సిన చోట ధైర్యంగా ‘డియోక్సి రిబ్బన్ యూక్లిక్’ అన్నాను. రిబ్బన్ అనగానే వెనక బెంచీలు గొల్లుమన్నాయి. మిగతా రెండేళ్ళూ నన్ను రిబ్బన్ అనే పిలిచారు. ఇప్పుడు తలుచుకుంటే అక్కడ తప్పింది ఉచ్చారణ కాదు. కొయ్యాల్సిన చోట కొయ్యలేదు, అంతే. ‘డీ’ అంటే తీసేసిన, ‘ఆక్సీ’ అంటే ఆక్సిజన్, ‘రైబో’ అంటే రైబోజ్ అనే చక్కెర, ‘న్యూక్లియిక్’ అంటే కేంద్రకానికి సంబంధించినది. ఒక ఆక్సిజన్ తీసేసిన రైబోజ్ ఉన్న కేంద్రకామ్లం అన్నమాట. ఈ అర్థం ముందే తెలిసి ఉంటే ‘రైబో’ పక్కనున్న ‘న’కారాన్ని ఇటు లాగి రిబ్బన్ కట్టేవాణ్ణి కాదు.

అందుకని నేను చెప్పబోయే ఈ పద్ధతిలో సిలబుళ్ళు (నోట్లో ఒక్కో అచ్చుతో మోగే ముక్కలు) మొదట రావు. మొదట వచ్చేది మన పదో తరగతి తెలుగు వాచకం: విగ్రహవాక్యం, సంధి, గురులఘువులు. సైన్సు మాటలు గ్రీకు, లాటిన్ సమాసాలు. సమాసాన్ని విప్పడం మనకు కొత్త విద్యేమీ కాదు.

ముందుగా సమాసాన్ని విప్పండి

ఉదాహరణగా అందరూ చూపించి భయపెట్టే మాటనే తీసుకుందాం. ఇంగ్లీషులో 45 అక్షరాలు:

న్యూమనోఅల్ట్రామైక్రోస్కాపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్.

ఇదో ఊపిరితిత్తుల జబ్బు పేరు. నిజానికి ఏ డాక్టరూ వాడని పేరు. 1935లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పజిల్ ప్రియుల సంఘానికి అధ్యక్షుడైన ఎవరెట్ ఎం. స్మిత్, ఇంగ్లీషులో అతి పొడుగు మాట ఉండాలని పనిగట్టుకుని అల్లింది. ఆ ఏడాదే ఓ న్యూయార్క్ పత్రికలో అచ్చయింది, తర్వాత నిఘంటువుల్లోకీ ఎక్కింది. సరదాకి అల్లినదైనా అతుకులన్నీ సైన్సు పద్ధతిలోనే వేశాడు గనక అభ్యాసానికి ఇంతకన్నా మంచి మాట దొరకదు.

మాటను కాగితం మీద పెద్దగా రాసుకోండి. పెన్సిల్ తీసుకుని, మీకు ఇదివరకే ఎక్కడో తగిలిన ముక్క కనిపించిన చోటల్లా రెండేసి నిలువు గీతలు గీయండి. అల్ట్రా తెలుసు (అల్ట్రాసౌండ్). మైక్రోస్కోప్ తెలుసు. వాల్కేనో తెలుసు. సిలికాన్ తెలుసు. మొదట్లో ఉన్నది న్యుమోనియాకి చుట్టం. ఇవన్నీ తీసేస్తే మిగిలిన కొత్త ముక్క చివరిదొక్కటే.

న్యూమనో || అల్ట్రా || మైక్రోస్కాపిక్ || సిలికో || వాల్కేనో || కోనియోసిస్

న్యూమనో అంటే ఊపిరితిత్తి, గ్రీకు మాట. అల్ట్రా అంటే మించిన. మైక్రోస్కాపిక్ అంటే కంటికి ఆనని, మైక్రోస్కోపులో తప్ప కనబడని. సిలికో లాటిన్‌లో చెకుముకి రాయి నుంచి వచ్చింది. వాల్కేనోలో ఉన్నవాడు వల్కన్, రోమన్ల అగ్నిదేవుడు. కోని అంటే గ్రీకులో దుమ్ము. ఓసిస్ అంటే ఫలానా స్థితి, చాలాసార్లు రోగం. కుడి నుంచి ఎడమకు చదివితే తెలుగు విగ్రహవాక్యమే తయారవుతుంది: అగ్నిపర్వతపు రాతి సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరడం వల్ల వచ్చే జబ్బు. ఇంత పొడుగూ వదిలేస్తే మిగిలేది సిలికోసిస్. మన క్వారీల్లో, పలుగురాయి పొడి కొట్టే మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు పట్టే జబ్బు అది. దాన్ని పలకడానికి ఎవరికీ కష్టం లేదు.

ముక్కలు గుర్తుపట్టడానికి పెద్ద జాబితా బట్టీ కొట్టనక్కర్లేదు. మీ రంగంలో తరచూ వచ్చే ముప్పై నలభై ముక్కలు తెలిస్తే చాలు. నర్సింగ్ చదివేవాళ్ళకు కార్డియో, హెపటో, నెఫ్రో, ఐటిస్, ఎక్టమీ. కెమిస్ట్రీ వాళ్ళకు మిథైల్, ఇథైల్, డై, ట్రై, హైడ్రాక్సీ, అమైన్. తీసిన ప్రతి గీతా ఇంకో మాటలో పనికొస్తుంది.

తర్వాత నోరు మెదపని అక్షరాలు కొట్టెయ్యండి

మన 45 అక్షరాల మాట మొదలయ్యేదే ‘పి’తో: పి, ఎన్, ఇ, యు. ‘ప్న్యూ’ అని పలకబోతే పెదాలు పగులుతాయి. గ్రీకులో నిజంగా అలాగే పలికేవారు. ఇంగ్లీషు నోటికి మాట మొదట్లో ప్న, ప్స, ప్ట లాంటి జంటలు తిరగవు, కాబట్టి మొదటి హల్లుని మింగేశారు. అందుకే సైకాలజీ, సోరియాసిస్, న్యుమోనియా. మూడింటికీ స్పెల్లింగులో ముందు ‘పి’ ఉంది, నోట్లో లేదు. ‘ఎక్స్’తో మొదలైతే ‘జ’: జైలం, జినాన్.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. మింగేది మాట మొదట్లోనే, మధ్యలో కాదు. శేషాచలం కొండల ఎర్రచందనం శాస్త్రీయనామంలో మొదటి మాట టెరోకార్పస్. రాసేది పి, టి, ఇ, ఆర్... పలికేది ‘టె’. టెరో అంటే రెక్క, కార్పస్ అంటే కాయ. దాని కాయ చుట్టూ పల్చటి రెక్కలాంటి అంచు ఉంటుంది, ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూస్తే పేరు మరిచిపోరు. ఇప్పుడు అదే రెక్క హెలికాప్టర్‌లోనూ ఉంది. మనందరం హెలి, కాప్టర్ అని రెండు ముక్కలనుకుంటాం. అసలు ముక్కలు హెలికో (మెలి తిరిగిన), ప్టెర్ (రెక్క). మధ్యలోకి వచ్చేసరికి ముందున్న అచ్చు ఆసరా దొరికి ‘ప’ మళ్ళీ బతికింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ‘సి’ అక్షరం పక్కన ఇ, ఐ, వై ఉంటే ‘స’, ఎ, ఓ, యు ఉంటే ‘క’. సిలికోలో ‘ఐ’ తర్వాత ‘కో’, అదే సిలిసిక్ ఆమ్లంలో ‘సి’. ‘జి’ కూడా అంతే, జ, గ. ‘సి-హెచ్’ గ్రీకు మాటల్లో ‘క’: క్లోరిన్, కొలెస్టరాల్. ‘పి-హెచ్’ ‘ఫ’. ‘ఆర్-హెచ్’లో హెచ్ దండగ. పాత బ్రిటిష్ స్పెల్లింగులో ‘ఓ-ఇ’, ‘ఎ-ఇ’ జంటలు కనిపిస్తే ఎక్కువగా ఒకే ‘ఈ’. చివరి ‘ఇ’ మామూలుగా పలకదు, జీన్, థేన్, క్విన్ లాగా. కానీ శాస్త్రీయనామాల్లో గ్రీకు తోకలుంటే పలుకుతుంది. తిరుమల కొండల్లోని బంగారు బల్లి పేరు కాలోడాక్టిలోడీస్. ఆఖరున ‘ఓడ్స్’ కాదు, ‘ఓడీస్’.

అచ్చులు లెక్కపెట్టండి

సిలబుల్ అంటే ఒక అచ్చు, దాని చుట్టూ అతుక్కున్న హల్లులు. స్పెల్లింగులో అచ్చు గుర్తులు ఎన్నున్నాయని కాదు, నోట్లో ఎన్ని అచ్చులు మోగుతున్నాయని చూడాలి. న్యూలో ‘ఇ-యు’ అని రెండు గుర్తులు, మోగేది ఒకటే. కోనియోసిస్‌లో ‘ఐ-ఓ’ రెండూ విడివిడిగా మోగుతాయి. అవి వచ్చింది వేరువేరు ముక్కల నుంచి, కోని నుంచి ఒకటి, ఓసిస్ నుంచి ఒకటి. ముందు సమాసం విప్పమన్నది ఇందుకే. ఏ జంట ఒకటో, ఏ జంట రెండో అతుకు చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రతి ముక్కలోనూ ఒంటి చుక్క పెడుతూ వెళ్దాం.

న్యూ·మ·నో || అల్·ట్రా || మై·క్రో·స్కా·పిక్ || సి·లి·కో || వాల్·కే·నో || కో·ని·ఓ·సిస్

మూడు, రెండు, నాలుగు, మూడు, మూడు, నాలుగు. మొత్తం 19. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఈ మాట ఒక్క పాదానికి ఒక్కటి తక్కువ! భువనవిజయం నాటకంలో గుక్క తిప్పుకోకుండా పద్యం చదివిన పిల్లలకు ఇదొక లెక్కా?

నిఘంటువులో మాట మధ్య కనిపించే చుక్కల గురించి ఒక హెచ్చరిక. చాలా ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ చుక్కలు ఉచ్చారణ కోసం పెట్టినవి కావు. అచ్చులో పంక్తి చివర మాటను ఎక్కడ విరిచి హైఫన్ పెట్టొచ్చో చెప్పేవి. ఉచ్చారణ పక్కనే విడిగా ఇస్తారు, అది చూడండి. నేను చాలా ఏళ్ళు ఆ చుక్కల్ని నమ్మి మోసపోయాను.

హల్లు ఎటువైపు పోతుంది?

ఇదొక్కటే మన లిపి మనల్ని కాస్త తప్పుదారి పట్టించే చోటు. ‘అక్క’ అని రాసేటప్పుడు అ, క్క అని రెండు అక్షరాలుగా రాస్తాం. పలికేటప్పుడు మాత్రం ‘అక్’, ‘క’ అంటాం. ఒత్తులో సగం ముందు అక్షరానికి ఆనుకుంటుంది. ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్నది గురువు కావడానికి కారణం ఇదే. ఇంగ్లీషు మాటనూ రాతను బట్టి కాక చెవిని బట్టి విడగొట్టండి. ‘కాప్టర్’ కాప్, టర్. ‘హైడ్రాక్సీ’ హై, డ్రాక్, సీ.

ఇది ‘స్కా’ దగ్గర బాగా అక్కరకొస్తుంది. ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అనే నోరు మనది. ముక్క విడిగా తీసి ‘స్కాపిక్’ అనబోతే ‘ఇస్కాపిక్’ అయి, లేని సిలబుల్ ఒకటి పుట్టుకొస్తుంది. ఆ సకారాన్ని ముందున్న ‘క్రో’కు తగిలించండి: మై·క్రోస్·కా·పిక్. నోరు హాయిగా వెళ్ళిపోతుంది. ఆఖరున ‘సిస్సు’ అని ఉకారం తగిలించే అలవాటు కూడా ఉంటుంది. సకారం మీద ఆగిపోయి పెదాలు కదపకుండా ఉంటే ఆ ‘ఉ’ రాదు.

అతుకుల దగ్గర సంధి

రెండు ముక్కల మధ్య అచ్చుకు అచ్చు తగిలితే గ్రీకు పద్ధతిలో ముందు ముక్క చివరి ‘ఓ’ తరచూ ఎగిరిపోతుంది. హైడ్రో, ఆక్సీ కలిస్తే హైడ్రాక్సీ. గ్యాస్ట్రోకి ఐటిస్ కలిస్తే గ్యాస్ట్రైటిస్. 2020లో కరోనా రోజుల్లో టీవీ పెట్టినవాళ్ళందరి నోటా నలిగిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌లో జరిగిందిదే. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు ఉకారం పోయినట్టే. కాబట్టి ముక్క పూర్తిగా కనిపించకపోతే కంగారుపడకండి, తోక తెగిందేమో చూడండి.

స్మిత్ అల్లిన మాటలో మాత్రం న్యూమనో, అల్ట్రా మధ్య ‘ఓ’ పోలేదు. రెండు అచ్చులు ఎదురెదురుగా నిలబడ్డాయి. తెలుగు నోరు ఇలాంటి ఖాళీని భరించదు, మధ్యలో ఏదో ఒకటి దూరుస్తుంది. ‘నోవల్ట్రా’ అంటాం. కోని, ఓసిస్ మధ్యేమో యడాగమం వచ్చి ‘కోనియోసిస్’ అవుతుంది. ఇది తప్పేం కాదు. ఇంగ్లీషువాళ్ళ నోట కూడా అక్కడ సన్నగా ‘వ’, ‘య’ వినిపిస్తాయి. కాకపోతే సిలబుల్ మింగకూడదు. ‘నోల్ట్రా’ అన్నారంటే 18కి పడిపోయారు.

ఊనిక: గురులఘువులు పనికొచ్చే చోటు

మనం తెలుగులో అన్ని అక్షరాలకూ ఇంచుమించు ఒకే బరువిస్తాం. ఇంగ్లీషు అలా కాదు. పొడుగు మాటలో ఒక సిలబుల్ తల ఎత్తుకు నిలబడుతుంది, మిగతావి దాని ముందు వంగుతాయి. ముక్కలన్నీ సరిగ్గా పలికినా ఊనిక తప్పితే అవతలివాడికి మాట అందదు. ఈ ఒక్క కారణంతో ఎన్నో ఇంటర్వ్యూల్లో మన పిల్లలు ‘పార్డన్?’ అనిపించుకుంటారు.

అదృష్టం ఏమిటంటే లాటిన్ మాటల ఊనికకున్న పాత సూత్రం అచ్చం మన గురులఘువుల లెక్కే. చివరి నుంచి రెండో సిలబుల్ చూడండి. అది గురువైతే ఊనిక దాని మీద. లఘువైతే ఒకటి వెనక్కి, చివరి నుంచి మూడోదాని మీద. అంతే.

చింతచెట్టు టమరిండస్. చివరి నుంచి రెండోది ‘రిన్’, దాని తర్వాత ‘డ’కారం ఉంది గనక గురువు. ఊనిక అక్కడే: టమరిన్డస్. మామిడి మ్యాంజిఫెరా. రెండోది ‘ఫె’, లఘువు. ఒకటి వెనక్కి, ‘జి’ మీద: మ్యాన్జిఫెరా. ఆర్కియోప్టెరిక్స్ అనే పాత పక్షిలో ‘టె’ లఘువు, అందుకే ఊనిక ‘ఆప్’ మీద: ఆర్కిఆప్టెరిక్స్. ఇక్కడా ఆ రెక్కే, చూశారా. యమాతారాజభానసలగం ఒకప్పుడు మార్కుల కోసం బట్టీ కొట్టాం. పోయిపోయి చింతచెట్టు లాటిన్ పేరుకు పనికొచ్చింది.

చిక్కు ఒకటుంది. ఇంగ్లీషు లిపిలో సంయుక్తాక్షరం కనిపిస్తుంది గానీ దీర్ఘం కనిపించదు. కాబట్టి రెండు హల్లులు వరసగా ఉన్నప్పుడు ఈ సూత్రాన్ని ధైర్యంగా వాడొచ్చు. లేనప్పుడు తోకను పట్టుకోవాలి. ‘ఇక్’ తోక ఉంటే ఊనిక దాని ముందు సిలబుల్ మీద. ఓసిస్, ఐటిస్, ఓమా ఉంటే వాటి మొదటి అచ్చు మీదే. లజీ, గ్రఫీ, స్కపీ, ఎక్టమీ ఉంటే చివరి నుంచి మూడోదాని మీద. ఒకే మాట తోక మారితే ఊనిక ఎలా పరుగెడుతుందో పైకి చదివి చూడండి: మైక్రోస్కోప్ (ఊనిక ‘మై’ మీద), మైక్రాస్కపీ (‘క్రా’ మీద), మైక్రోస్కాపిక్ (‘స్కా’ మీద). పరికరం, దాని విద్య, దానికి సంబంధించినది. ఊనిక జరిగిన ప్రతిసారీ అచ్చు రంగు కూడా మారుతోంది, కో, క, కా.

మన పొడుగు మాటలో ప్రతి ముక్కకూ చిన్న ఊనిక ఉంటుంది, పెద్దది ఆఖరి ముక్కలో: న్యూ, అల్, స్కా, సి, కే, చివరికి కోనిఓసిస్‌లో ‘ఓ’. ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. ఆ అచ్చును కాస్త సాగదీసి గొంతు కొంచెం పైకెత్తితే చాలు. మిగతా అచ్చుల్ని ఇంగ్లీషువాళ్ళలా అరకొరగా మింగాలా అంటే, అక్కర్లేదని నా అభిప్రాయం. నిండుగా పలికిన అచ్చు ఎవరికైనా అర్థమవుతుంది. యాస మారాల్సిన పనిలేదు, లెక్కా ఊనికా కుదిరితే చాలు.

తోక నుంచి కట్టుకు రండి

ముక్కలు తెలిసినా ఒక్క ఊపున అనబోతే మధ్యలో తడబడతాం. ఎందుకంటే మొదటి నుంచి మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదటికి వచ్చి, మొదటి భాగాన్నే యాభైసార్లు అభ్యాసం చేస్తాం. తోకకు అభ్యాసమే ఉండదు. దీన్ని తిరగేయండి.

సిస్.
ఓసిస్.
నియోసిస్.
కోనియోసిస్.
వాల్కేనోకోనియోసిస్.
సిలికోవాల్కేనోకోనియోసిస్.

ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకోండి. మైక్రోస్కాపిక్ తగిలించండి, తర్వాత అల్ట్రా, చివరికి న్యూమనో. ఇలా కట్టుకొస్తే ఎప్పుడు మొదలుపెట్టినా కొత్త చోటు నుంచి తెలిసిన చోటికి నడుస్తారు. మాట సాగేకొద్దీ నోరు తేలికవుతుంది. పైకి చెప్పేటప్పుడు మూడు గుక్కలు వేసుకోండి: న్యూమనో-అల్ట్రా, మైక్రోస్కాపిక్, సిలికో-వాల్కేనో-కోనియోసిస్. ఒక్కో గుక్క మధ్య వినేవాడికి తెలియనంత సన్నటి విరామం. యతి అనుకోండి.

ఫోనులో ఉచ్చారణ బొత్తం నొక్కి వినడం మంచిదే, కానీ చివర్లో. ముందే వింటే చెవి ఆ పాటను పట్టుకుంటుంది, ముక్కలు పట్టుకోదు. ఆ ఒక్క మాటే వస్తుంది, దాని చుట్టాలు రావు. మీ అంతట మీరు విప్పి, కట్టి, పలికి, అప్పుడు విని సరిచూసుకోండి. తప్పు ఏ ముక్కలో పడిందో వెంటనే తెలుస్తుంది.

చేతికి నాలుగు మాటలు

డీడీటీ పూర్తి పేరు ఇంగ్లీషులో 31 అక్షరాలు, సిలబుళ్ళు 11. డై·క్లో·రో || డై·ఫి·నైల్ || ట్రై·క్లో·రో || ఈ·థేన్. రెండు క్లోరిన్లు, రెండు ఫినైళ్ళు, మూడు క్లోరిన్లు, ఒక ఈథేన్. రసాయన నామాల్లో ఉన్న సుఖం ఇదే. పలకడం వస్తే బొమ్మ గీయడం సగం వచ్చినట్టే.

బోదకాలు మాత్ర: డై·ఇ·థైల్ || కార్·బ·మ·జీన్. ఏడు. మూర్ఛ మందు: కార్·బ·మ·జె·పీన్. అయిదు. రెండింటినీ పక్కపక్కన పది సార్లు అనండి, ‘జె’ ఉన్నదెక్కడో లేనిదెక్కడో నోటికే గుర్తుండిపోతుంది.

పురుగుమందుల దుకాణంలో వేపనూనె డబ్బా మీద 1500 పీపీఎం అన్న అంకె పక్కన అజాడిరాక్టిన్ అని ఉంటుంది. వేపచెట్టు శాస్త్రీయనామం అజాడిరాక్టా నుంచి వచ్చిన మాట. అది లాటిన్ వేషం వేసుకున్న పారసీ మాట, ఆజాద్ దరఖ్త్. దరఖ్త్ అంటే చెట్టు. అ·జా·డి·రాక్·టా. చివరి నుంచి రెండోది ‘రాక్’, సంయుక్తాక్షరం ముందున్నది, గురువు. ఊనిక ఎక్కడో మీరే చెప్పేశారు. అన్నట్టు, క్లోరాంట్రనిలిప్రోల్ లాంటి పేర్లను రైతులు తడుముకోకుండా చెప్పడం దుకాణాల దగ్గర విన్నాను. అవసరం ఉన్నచోట నోరు దానంతటదే తిరుగుతుంది.

ఆఖరుది హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం పేరు. తెలంగాణలో యామన్‌పల్లి ఊరి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో శాస్త్రవేత్త యాదగిరిగారు పెట్టిన పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ‘కోట’ అది దొరికిన రాతిపొరల పేరు, సారస్ అంటే బల్లి, ‘ఎన్సిస్’ అంటే ఫలానా చోటిది. మన ఊరి పేరుకు లాటిన్ తోక తగిలించారు, మధ్యలో యడాగమం మనమే వేసుకున్నాం. ‘పల్లి’లో లావొత్తు దగ్గర విదేశీ శాస్త్రవేత్తలు తడబడాలి గానీ మనకేం? ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి ఆ పలక ముందు నిలబెట్టి, తోక నుంచి కట్టించండి. సిస్, యెన్సిస్, ల్లియెన్సిస్, పల్లియెన్సిస్, యా·మన్·పల్·లి·యెన్·సిస్.